కత్తికి ముందు జడ



ఈ మధ్య ఒక సాయంత్రం మా పక్కింటి అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. "ఆంటీ, కథ రాశాను. చదివి ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అంది. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, చదవడం మొదలుపెట్టాను.

కథలో నాయిక ఎవరనుకున్నారు? సత్యభామ. అవును, మన సత్యభామే. కృష్ణుడి సత్యభామ. ఈ కాలంలో పుట్టి, మన విజయవాడలో ఎస్సైగా పనిచేస్తోంది. బెంజి సర్కిల్ దగ్గర నలభై మంది రౌడీలు చుట్టుముట్టారు. సత్యభామ జీపు దిగింది. నలభై మందినీ కొట్టింది. చొక్కా నలగలేదు. చెమట పట్టలేదు. మళ్ళీ జీపెక్కి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూస్తోంది. నేను ఒక్కటే అడిగాను. "మరి జడేం చేసిందే?"

"జడేంటి ఆంటీ?"

"సత్యభామ కదా. నడుం దాటిన జడ ఉంటుంది. నలభై మందితో కలబడేటప్పుడు ఆ జడేం చేసింది? ఎవడూ పట్టుకుని లాగలేదా?"

ఆ పిల్ల నవ్వింది. తర్వాత ఆలోచనలో పడింది. ఇవాళ నేను మీతో చెప్పబోయేది ఆ జడ గురించే.

మనకు బాగా తెలిసిన కథలోంచి, మనకు ఇష్టమైన పాత్రను తీసుకుని కొత్త కథ అల్లడాన్ని ఇప్పటి పిల్లలు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. అభిమాని రాసుకునే కథ అన్నమాట. సినిమా చూస్తారు. అందులో ఒక పాత్ర మనసుకు పట్టుకుంటుంది. సినిమా అయిపోయినా ఆ పాత్ర వదలదు. ఆ తర్వాత ఆమె ఏం చేసి ఉంటుంది? అంతకు ముందు ఏం జరిగి ఉంటుంది? అలా కథ మొదలవుతుంది.

పేరు కొత్తదే గానీ, పని మనకు కొత్త కాదండీ. తెలుగువాళ్ళం వందల ఏళ్ళుగా చేస్తున్నదే. సంస్కృత భాగవతంలో నరకాసురుడి కథ చూడండి. సత్యభామ గరుత్మంతుడి మీద కృష్ణుడితో పాటు వెళ్తుంది. అంతవరకే. యుద్ధమంతా కృష్ణుడే చేస్తాడు. మరి ఆమె చేతికి విల్లు ఇచ్చిందెవరు? మన తెలుగు కవులు. 14వ శతాబ్దంలో నాచన సోమన ఉత్తర హరివంశంలో ఆమెను యుద్ధంలో నిలబెట్టాడు. ఆ తర్వాత 15వ శతాబ్దంలో పోతన తన భాగవతంలో అదే దారి పట్టాడు. దీపావళి నాడు మన పిల్లలకు మనం చెప్పే సత్యభామ, ఆ విల్లు పట్టిన సత్యభామ, తెలుగువాళ్ళు తమ అభిమానంతో తయారు చేసుకున్న సత్యభామ.

ఆ ఘట్టాన్ని పోతన ఎలా నడిపాడో గమనించండి. ముందు సత్యభామకు ఒక కోరిక ఉంది. నీ యుద్ధం చూడాలని ఉంది, నన్నూ తీసుకెళ్ళు అని కృష్ణుణ్ణి అడుగుతుంది. ఆయన వద్దంటాడు. అవి తుమ్మెదల పాటలు కావు, ఏనుగుల ఘీంకారాలు అని బెదిరిస్తాడు. ఆమె వెనక్కి తగ్గదు. నీ చేతుల అండ ఉండగా నాకు భయమేంటి అంటుంది. వెళ్తుంది. అక్కడ యుద్ధం చూస్తుంది. అప్పుడు లేస్తుంది.

లేచి బాణం వేసిందా? వేయలేదండీ. ముందు జడ ముడి వేసుకుంది. కట్టుకున్న చీర ముడి బిగించింది. ఒంటి మీది నగలు సర్దుకుంది. పైట చక్కగా సవరించుకుంది. ఆ తర్వాత విల్లు పట్టింది.

పోతనకు ఈ వివరాలన్నీ ఎందుకు? ఎందుకంటే వింటున్నవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. వాళ్ళకు తెలుసు. వంగి బిందె ఎత్తాలంటే ముందు కొంగు దోపుకోవాలి. నాట్లకు మడిలో దిగాలంటే ముందు చీర పైకి కట్టుకోవాలి. రోట్లో పచ్చడి నూరాలన్నా జడ ముందుకు పడకుండా వెనక్కి తోసుకోవాలి. ఏ పనికైనా ముందు ఒళ్ళు సిద్ధం కావాలి. సత్యభామ జడ ముడి వేసుకోగానే వింటున్న ఆడవాళ్ళు అనుకుంటారు, ఈమె మనలాంటిదే అని. ఆ నమ్మకం కుదిరాక ఆమె ఎన్ని బాణాలు వేసినా నమ్ముతారు.

ఇదే నేను చెప్పదలచుకున్న మాట. రాసుకోవడానికి కాగితం అక్కర్లేదు. గుర్తుపెట్టుకోండి చాలు. మీ నాయిక చేతికి కత్తి ఇచ్చే ముందు, ఆమె చేత జడ ముడి వేయించండి.

ఇంకో సంగతి. పోతన కథలో నరకుణ్ణి చంపింది సత్యభామ కాదు. ఆమె యుద్ధం చేసింది, సేనలను తరిమింది. కృష్ణుడు మెచ్చుకున్నాడు. తర్వాత ఆయన అందుకున్నాడు. చంపింది ఆయన చక్రం. అయినా మనకు గుర్తున్నది ఎవరు? సత్యభామ. నాయికను గొప్పగా చూపించాలంటే పక్కనున్న మగవాడిని దద్దమ్మను చేయనక్కర్లేదు. ఆయన గొప్ప ఆయనకుంది. ఈమె గొప్ప ఈమెకుంది.

ఇప్పుడు మీ అందరికీ తెలిసిన సినిమా దగ్గరకు వస్తాను. మాయాబజార్. 1957లో వచ్చింది. విజయా వారి సినిమా, కె.వి. రెడ్డి గారి దర్శకత్వం. అందులో శశిరేఖ ఉంది చూశారూ, ఆమె పెళ్ళి కథ వ్యాస భారతంలో లేదు. అది జనం అల్లుకున్న కథ. అదీ ఒక అభిమాని కథే.

ఆ సినిమాలో సావిత్రి గారు రెండు రకాలుగా కనిపిస్తారు. ఒకటి అసలు శశిరేఖ. రెండోది శశిరేఖ రూపం కట్టిన ఘటోత్కచుడు. మన నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు ఎలా ఉంటాడో మీకు తెలుసు. ఆ నడక, ఆ హుంకారం, ఆ చూపు సావిత్రి గారు పట్టేశారు. చీర కట్టింది ఆడపిల్ల, లోపలున్నది రాక్షసుడు. చూస్తుంటే నవ్వు ఆగదు. ఎందుకు నవ్వొస్తుంది? పైన కనబడే మనిషీ లోపలి మనిషీ ఒకరు కాదు గనక.

ఇప్పుడు చాలామంది కొత్తగా రాసేవాళ్ళు చేస్తున్న పొరపాటు అదే. బలమైన ఆడపాత్ర రాస్తున్నాం అనుకుంటారు. రాసేదేమో చీర కట్టిన ఘటోత్కచుణ్ణి. సినిమా హీరో చేసే పనులన్నీ తీసుకొచ్చి ఆమెకు అంటగడతారు. పేరు సత్య, నడక హీరోది. పేరు శశిరేఖ, తిట్లు హీరోవి. తేడా ఏమిటంటే మాయాబజార్‌లో మనల్ని నవ్వించడానికే అలా చేశారు. మన కథలో నవ్వించాలని చేయడం లేదు. అయినా చదివేవాడు నవ్వుతాడు.

అందుకే మళ్ళీ చెబుతున్నాను. కత్తి ఇచ్చే ముందు జడ ముడి వేయించండి. ఆ ఒళ్ళు ఆమెది. ఆ అలవాట్లు ఆమెవి. ఆ బలం కూడా ఆమెలోంచే రావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. 2024 సెప్టెంబరు మొదటి రోజులు మనం మర్చిపోలేం. విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. సింగ్‌నగర్ మునిగింది. రోజుల తరబడి నీళ్ళు తీయలేదు. అప్పుడు ఒక ఇంట్లో ఒక తల్లిని ఊహించుకోండి. మేడ మీద చిక్కుకుంది. ఇద్దరు చిన్న పిల్లలు. మంచం దిగలేని అత్తగారు. ఇంట్లో పాలు లేవు. మంచినీళ్ళు అయిపోవచ్చాయి.

దీన్ని ఒకరు ఇలా రాస్తారు. ఆమె కళ్ళు నిప్పులు చెరిగాయి. ఒక్క ఉదుటున నీళ్ళలోకి దూకింది. ఈదుకుంటూ వెళ్ళి పడవ తెచ్చింది. అందరినీ కాపాడింది.

బాగానే ఉంది. కానీ ఆమె ఈత ఎప్పుడు నేర్చుకుంది? పడవ ఎవరిచ్చారు? పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి దూకింది? మనకు తెలియదు. కనక మనం నమ్మం.

ఇంకొకరు ఇలా రాస్తారు. వీధి చివర పడవ కనబడింది. కేకేసింది. వినబడలేదు. అత్తగారి చేతికి చిన్నదాన్ని ఇచ్చి, పెద్దవాడితో "నానమ్మ దగ్గర్నుంచి కదిలావంటే చూడు" అంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. వంటింట్లోని స్టీలు పళ్ళెం, గరిటె తీసుకుంది. మెట్లు దిగడం మొదలుపెట్టింది. నీళ్ళు నల్లగా ఉన్నాయి. మెట్టు కనబడటం లేదు. కానీ ఆమెకు తెలుసు. పదకొండు మెట్లు. రోజూ తెల్లవారుజామున తాను కడిగే మెట్లు. ఏడో మెట్టు అంచు విరిగింది. కాలితో తడుముతూ లెక్కపెట్టుకుంటూ దిగింది. ఎనిమిదో మెట్టు దగ్గర నీళ్ళు నడుం దాకా వచ్చాయి. అక్కడే ఆగింది. ఇక దిగలేకపోయింది. కాళ్ళు వణుకుతున్నాయి. గోడకు ఆనుకుని, చేతిలోని స్టీలు పళ్ళేన్ని గరిటెతో గట్టిగా వాయించింది. పడవ ఇటు తిరిగింది.

వింటున్నారా? ఈమె నీళ్ళలోకి దూకలేదు. భయపడింది. ఎనిమిదో మెట్టు దగ్గర ఆగిపోయింది. అయినా బలమైన మనిషి ఈమే. ఎందుకంటే ఆ బలం ఆమె రోజూ చేసే పనిలోంచి వచ్చింది. మెట్లు కడిగిన చేతులకు మెట్ల లెక్క తెలుసు. వంటింటి పళ్ళెం ఆమెకు పనికొచ్చింది. ఇక్కడ జడ ముడి అంటే ఆ మెట్ల లెక్కే. ఆమె పనికి దిగే ముందు, ఆమె మనకు తెలియాలి.

బలం రాకముందు ఏం జరుగుతుందో చెప్పాను. బలం చూపించాక ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. దానికి మళ్ళీ సత్యభామ దగ్గరకే వెళ్దాం.

16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో నంది తిమ్మన పారిజాతాపహరణం రాశాడు. నారదుడు తెచ్చిన పారిజాత పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడు. ఆ కబురు చెలికత్తె మోసుకొచ్చింది. సత్యభామకు ఒళ్ళు మండింది. అప్పుడామె ఏం చేసింది? నగలు తీసేసింది. మాసిన చీర కట్టుకుంది. మాట మానేసింది. కోపగృహంలో పడుకుంది. కృష్ణుడు వచ్చి బతిమాలాడు. కాళ్ళ మీద పడ్డాడు. ఆమె ఎడమ కాలితో తన్నింది.

జగన్నాథుణ్ణి తన్నిన ఆడది! ఇంతకంటే బలమైన ఘట్టం ఏముంది? కొత్త రచయిత అయితే అక్కడితో కథ ముగిస్తాడు. చప్పట్లు పడతాయి కదా. తిమ్మన ముగించలేదు. ఆ తర్వాత ఆమె చీర చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆయన ఎదుటే ఏడ్చింది. ఆ ఏడుపు వినబడ్డాకే మనకు అర్థమవుతుంది, ఆ తన్ను వెనకున్నది పొగరు కాదని. ఆయన నావాడు అనుకుంది. కాదేమోనన్న అనుమానం వచ్చింది. ఆ అనుమానం కాల్లోకి దిగింది.

తన్నడం బలం. ఏడవడం దానికి కట్టిన వెల. వెల లేని బలం అంగట్లో ఊరికే పంచిపెట్టే కాగితం లాంటిది. ఎవరూ దాచుకోరు.

బాహుబలి చూసినవాళ్ళకు శివగామి గుర్తుంటుంది. పసివాణ్ణి నీళ్ళ పైకి ఎత్తి పట్టుకున్న చెయ్యి గుర్తుంటుంది. కానీ ఆ పాత్ర మనసులో నిలబడటానికి ఆ చెయ్యి ఒక్కటే కారణం కాదు. అబద్ధాన్ని నమ్మి, తాను పెంచిన కొడుకునే చంపమని ఆజ్ఞ ఇచ్చింది. తర్వాత నిజం తెలిసింది. ఆ తప్పు బరువు మోస్తూనే ఆమె నీళ్ళలోకి దిగింది. తప్పు చేయని శివగామి అయితే బొమ్మల కొలువులో బొమ్మలా ఉండిపోయేది.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. ఆడపాత్ర అంటే జడలు, చీరలు, ఏడుపులేనా అని. కాదండీ. ఓల్గా గారి విముక్త కథలు చదవండి. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. రామాయణంలోని సీత, అందులో శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. ముక్కు చెవులు కోయించుకున్న శూర్పణఖ ఏం చేస్తూ ఉంటుంది? కత్తి నూరుకుంటూ ఉండదు. ఒక అందమైన తోట పెంచుతుంది. అవమానాన్ని దాటి రావడానికి మొక్కలు నాటింది. ఆమె జడ ముడి ఆ తోటే. ప్రతి మనిషికీ ఒకటి ఉంటుంది. అదేమిటో వెతకడమే రచయిత పని.

ఎలా వెతకాలి? చూడటం వల్ల వస్తుంది. దానికి మనకు దగ్గర్లోనే పెద్ద బడి ఉంది. విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్తే కూచిపూడి. సిద్ధేంద్ర యోగి భామాకలాపం పుట్టిన సంప్రదాయం. అక్కడ తరతరాలుగా సత్యభామ వేషం కట్టింది మగవాళ్ళే. ఆ వేషానికి పేరు మోసిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. కృష్ణా నదికి ఆవలి వైపు, బాపట్ల మనిషి స్థానం నరసింహారావు గారు కూడా నాటకాల్లో సత్యభామ వేషానికి పేరుపొందారు. ఆయనకు 1956లోనే పద్మశ్రీ ఇచ్చారు.

ఆడవాళ్ళ పాత్ర మగవాళ్ళు రాయగలరా అని కొందరు అడుగుతారు. రాయగలరు. కానీ ఈ నటుల్లాగా కష్టపడితే రాయగలరు. కొంగు ఎలా పట్టుకుంటారు, ఎక్కడ తల వంచుతారు, కోపం వచ్చినప్పుడు ముందు ఏది కదులుతుంది, కన్నా, మెడా, చెయ్యా? ఇవన్నీ గమనిస్తేనే వేషం నిలబడుతుంది.

ఆ భామాకలాపంలో సత్యభామ వచ్చే తీరు చూడాలి మీరు. ఇద్దరు తెర పట్టుకుంటారు. ముందు ముఖం కనబడదు. తెర మీదుగా జడ ఇవతలకు పడుతుంది. పొడుగాటి జడ, దాని నిండా బిళ్ళలు. అది సవాలు అంటారు పెద్దలు. అభినయంలో నన్ను గెలిచినవాళ్ళుంటే వచ్చి ఈ జడ కత్తిరించండి అని. ఎంత గీర! కానీ కాసేపటికి అదే సత్యభామ, చెలికత్తె మాధవి నీ భర్త పేరేమిటని అడిగితే సిగ్గుతో చెప్పలేక మెలికలు తిరుగుతుంది. సభనంతటినీ సవాలు చేసిన మనిషి, ఒక్క పేరు పలకలేకపోయింది. ఆ రెండూ కలిస్తేనే సత్యభామ. ఒకటి తీసేస్తే మిగిలేది వేషమే.

పోతన దగ్గర ఆ జడ ముడి పడింది. కూచిపూడిలో అదే జడ సవాలైంది. పాత్ర ఒక్కటే. ఎంతమంది అభిమానులు ఎన్నిసార్లు తిరగరాసినా, ఆమె మనిషిగానే మిగిలింది. అందుకే ఇన్ని వందల ఏళ్ళు బతికింది.

మా పక్కింటి అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. వారం తర్వాత మళ్ళీ వచ్చింది. అదే నోట్‌బుక్. అదే బెంజి సర్కిల్. నలభై మంది కాస్తా ముగ్గురయ్యారు. సత్యభామ జీపు దిగింది. జడ భుజం మీదుగా ముందుకు పడింది. పక్కనున్న కానిస్టేబుల్‌ను రబ్బరు బ్యాండు ఉందా అని అడిగింది. ఆయన కాగితాల కట్టకున్నది తీసిచ్చాడు. జడను మడిచి ముడి వేసుకుంది. అప్పుడు ముందుకు నడిచింది. ఒకడు పారిపోయాడు. ఇద్దరు దొరికారు.

నేను బాగుందన్నాను. "ఇంకో పేరా ఉంది ఆంటీ" అంది. చదివాను. మర్నాడు పొద్దున సత్యభామ కుడి చెయ్యి వాచింది. వేళ్ళు ముడుచుకోవడం లేదు. డ్యూటీకి టైమైపోతోంది. అద్దం ముందు నిలబడి జడ వేసుకోవాలని చూసింది, కుదరలేదు. దువ్వెన పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, వాళ్ళమ్మ ముందు పీట వేసుకుని కూర్చుంది. అమ్మ ఏమీ అడగకుండా జడ వేసింది.

నేను నోట్‌బుక్ మూసి ఆ పిల్ల చేతికిచ్చాను. దిద్దడానికి నాకేమీ కనబడలేదు.

మీలో రాసేవాళ్ళుంటారు. రాయాలని ఉండి మొదలుపెట్టనివాళ్ళూ ఉంటారు. ఈ రాత్రికి ఒక పని చేయండి. మీకు ఇష్టమైన నాయికను తీసుకోండి. పురాణంలోనిదైనా సరే, సినిమాలోనిదైనా సరే. ఆమె చేసే గొప్ప పని రేపు రాయండి. ఇవాళ మాత్రం, ఆ పనికి ముందు ఆమె ఏం సర్దుకుందో, ఆ పని తర్వాత ఆమెకు ఎక్కడ నొప్పెట్టిందో, ఆ రెండే రాయండి. ఒక్క పేజీ చాలు. రాసి మీ ఇంట్లో అమ్మకో, అక్కకో, నానమ్మకో చదివి వినిపించండి. వాళ్ళు "అవును, అంతే" అంటే మీ కథ నిలబడినట్టే.